బెన్ చే నుంచి వచ్చిన నల్ల చొక్కా: వియత్నాం పల్లె బట్టల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

కుట్టుమిషన్_తెనాలి | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో 22 ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. మా పాత కస్టమర్ ఒకావిడ మొన్న ఒక చొక్కా తెచ్చి, దీన్నే ఆదిగా పెట్టుకుని మెత్తటి నూలు బట్టలో రెండు కుట్టిపెట్టమన్నారు. వాళ్ల అమ్మాయి వియత్నాంలో యోగా టీచరు. బెన్ చే అనే చోట తను అద్దెకున్న ఇంటావిడ ఈ చొక్కా ఇచ్చిందట. అమ్మాయి దాన్ని అమ్మకి పంపింది. ఒంటి మీద బట్ట ఉన్నట్టే లేదని, ఇంట్లో ఇక ఇవే వేసుకుంటానని ఆవిడ అంటున్నారు.

చొక్కా నల్లది. కాలర్ లేదు, గుండ్రటి మెడ. ముందు నిలువునా గుండీలు, పొడుగు చేతులు. తుంటి దాకా వస్తుంది. రెండు పక్కలా చిన్న చీలిక. ముందు వైపు బాగా కిందికి, అంచు దగ్గర రెండు పెద్ద జేబులు. ఎక్కడా అలంకారం లేదు, కానీ కొలతలో ఒక్క పొరపాటు లేదు. కుట్టిన మనిషికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

జేబులు అంత కిందికి ఎందుకు? చీలిక ఎందుకు? నలుపే ఎందుకు? కారణం తెలియకుండా బట్ట మీద కత్తెర పెట్టడం నాకు ఇష్టం ఉండదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సైగాన్_తెలుగు | సోమవారం, రాత్రి 10:42

అక్కా, మీ చేతిలో ఉన్నదాన్ని ‘ఆవ్ బాబా’ అంటారు. ‘ఆవ్’ అంటే పైన తొడుక్కునే బట్ట. నేను హోచిమిన్ సిటీకి వచ్చి తొమ్మిదేళ్లయింది. పని మీద మెకాంగ్ డెల్టా ఊళ్లు తిరుగుతుంటాను. బెన్ చే కొబ్బరి తోటల సీమ, మన కోనసీమ లాగే. 2025 జూలైలో ప్రావిన్సులు కలిపినప్పుడు అది విన్ లాంగ్‌లో కలిసింది కానీ, జనం ఇంకా బెన్ చే అనే అంటారు.

ఆ చొక్కా పడవ మీద, బురదలో పని చేసేవాళ్లది. డెల్టాలో ఇంటి ముందు రోడ్డు లేకపోయినా కాలవ ఉంటుంది. పడవ చివర నిలబడి, ముందుకి వంగుతూ తెడ్లు తోస్తారు. పక్క చీలిక లేకపోతే ప్రతి తోపుకీ బట్ట తుంటి దగ్గర పట్టేస్తుంది. జేబు సంగతి మా ఇంటి ఓనరు తల్లిని అడిగాను. చిన్నప్పుడు పడవలో కూరగాయలు అమ్మిన మనిషి. ‘పడవలో కూర్చుంటే ఆ జేబులు ఒళ్లోకి వస్తాయి. చిల్లర, వక్క, పొగాకు అన్నీ చేతికిందే ఉంటాయి’ అని కూర్చుని మరీ చూపించింది. కాలర్ లేకపోవడం ఎండ వల్ల, ఉక్క వల్ల. కింద వెడల్పాటి నల్ల ప్యాంటు, మడిలో దిగేటప్పుడు మోకాళ్ల పైకి మడుస్తారు.

నలుపు గురించి చెప్పాలంటే పెద్ద కథ. అద్దకం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు మొదలుపెట్టాక నాకు తెలిసింది కలుపుతాను.

గోదారి_గట్టు | మంగళవారం, ఉదయం 6:55

‘బాబా’ అంటే ఏంటి అన్నా? మన బాబాకీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

సైగాన్_తెలుగు | మంగళవారం, ఉదయం 8:20

రెండు రకాలుగా చెప్తారు తమ్ముడూ. మలేషియాలోని పెనాంగ్‌లో స్థిరపడిన చైనా మూలాల వాళ్లని ‘బాబా’లు అంటారు. వాళ్ల చొక్కా నుంచి ఈ పేరు వచ్చిందని ఒక మాట. ఇంకొకటి, వియత్నామీలో ‘బా’ అంటే పెద్దావిడ, వేరే స్వరంలో పలికితే అదే ‘బా’ అంటే మూడు. దక్షిణాన ఇంట్లో మొదటి బిడ్డని ‘రెండు’ అని పిలుస్తారు, ఒకటి అనరు. అంటే ‘బా బా’ రెండో సంతానంగా పుట్టిన ఆడమనిషి అవుతుంది. మన దగ్గర పెద్దమ్మాయి, నడిపమ్మాయి అన్నట్టు అక్కడ పిలుపులన్నీ అంకెల్లోనే ఉంటాయి. మా వీధిలో ముగ్గురు ‘బా బా’లున్నారు, ఒక్కరి అసలు పేరు కూడా నాకు తెలియదు.

ఆహార్యం | మంగళవారం, ఉదయం 11:05

నేను నాటకాలకి దుస్తులు తయారు చేస్తాను. వియత్నాం సంప్రదాయ దుస్తులు అనగానే పొడుగు గౌనుకి రెండు వైపులా నడుం దాకా చీలిక ఉండే ‘ఆవ్ దాయ్’ కదా అందరూ చూపించేది? విమానాల్లో, స్కూళ్లలో, పెళ్లిళ్లలో అదే. మరి ఈ చొక్కాని కూడా సంప్రదాయం అనొచ్చా?

సైగాన్_తెలుగు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అనొచ్చండీ, గట్టిగా అనొచ్చు. ఆవ్ దాయ్ అందమైనదే, కాదనను. దాని మూలం 18వ శతాబ్దంలో దక్షిణాన్ని ఏలిన న్యుయెన్ ప్రభువుల కాలం నాటి ఐదు పలకల అంగీ. మనం ఇవాళ చూసే ఒంటికి అతుక్కునే రూపం 1930ల్లో హనోయ్‌లో మొదలైంది. పొలంలో పనిచేసే మనిషికి అలాంటిది ఉంటే పండక్కి, పెళ్లికి బయటికి తీసేది. మిగతా రోజులన్నీ ఆమె ఒంటి మీద ఉన్నది ముతక బట్టే. పట్టుచీర ఒక్కటే తెలుగువాళ్ల కట్టు అంటే గోచీ పోసి నాట్లు వేసిన మన అమ్మమ్మలు ఏమవుతారు? నాకు ఈ విషయంలో మనసు ఊరుకోదు. దేశానికి అన్నం పెట్టినవాళ్ల బట్ట పోస్టర్ మీదికి రాదు.

కొండదారి | మంగళవారం, సాయంత్రం 4:15

నేను మూడేళ్లు హనోయ్‌లో ఉన్నాను. ఉత్తరాన సంగతి వేరు. అక్కడి పల్లె ఆడవాళ్లది ‘ఆవ్ తూ థన్’. ‘తూ’ అంటే నాలుగు, ‘థన్’ అంటే పలక. వెనక రెండు పలకలు నడివీపు మీద నిలువుగా కలిపి కుడతారు. ముందు రెండు పలకలు కలపరు, వదిలేస్తారు, లేదా చివర్లు పట్టి నడుం దగ్గర ముడేస్తారు. లోపల ‘యెమ్’ అనే రవిక. యెమ్ అంటే చదరం గుడ్డని మూలవాటుగా తిప్పి, పై మూల మెడకోసం కత్తిరించి, మెడ వెనకా వీపు మీదా తాళ్లతో కట్టుకునేది. కింద పావడా. జుట్టుని గుడ్డలో చుట్టి తల చుట్టూ తిప్పుకుంటారు, చివర కాస్త జుట్టు బయటికి వదుల్తారు. దాన్ని ‘కోడి తోక’ అంటారు. దాని మీద నల్ల గుడ్డని నుదుటి మీద కొస వచ్చేలా మడిచి కట్టుకుంటే అది ‘కాకి ముక్కు’ గుడ్డ.

బాక్ నిన్‌లో ఆడా మగా ఎదురెదురుగా నిలబడి పాడే క్వాన్ హో పాటలకి 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ పాటలు పాడేటప్పుడు ఇవాళ్టికీ ఈ పలకల అంగీలు, కాకి ముక్కు గుడ్డ, పళ్లెంలాంటి పెద్ద టోపీ కనిపిస్తాయి. కానీ అవి పండగ రంగులు. రోజూ వేసుకున్నది మట్టి రంగే.

కుట్టుమిషన్_తెనాలి | మంగళవారం, సాయంత్రం 6:00

నాలుగు పలకలు ఎందుకు అన్నా? నడివీపు మీద నిలువు కుట్టు ఏ దర్జీ కావాలని పెట్టదు. చూపుకీ బాగోదు, బరువు లాగితే ముందు విడిపోయేది అదే.

మంగళగిరి_మగ్గం | మంగళవారం, రాత్రి 8:48

ఇది నేను చెప్తానమ్మా, నాలుగు తరాలుగా మాది మగ్గమే. అది దర్జీ నిర్ణయం కాదు, మగ్గం నిర్ణయం. అడ్డపోగు మోసే నాడెని ఒక చేత్తో విసిరి ఇంకో చేత్తో అందుకునే మగ్గంలో బట్ట వెడల్పు మనిషి చేతుల్ని బట్టి ఉంటుంది. పాతకాలం వియత్నాం పల్లె మగ్గం మీద పన్నా మూర కంటే తక్కువే, 35 నుంచి 40 సెంటీమీటర్లు. వీపంతా కప్పాలంటే రెండు పన్నాలు కలపాల్సిందే. ముందు ఇంకో రెండు. అలా నాలుగు పలకలయ్యాయి. అంచు కత్తిరించకుండా అంచుకి అంచు కలిపి కుడితే పోగు ఊడదు, గుడ్డ ముక్క కూడా వృథా కాదు.

బట్ట ఖరీదు తెలిసినవాళ్ల కుట్టు అది. పత్తి ఏకి, వడికి, పడుగు పోసి, నేసిన చెయ్యి కత్తెర పెట్టడానికి వెనకాడుతుంది. కొండదారి గారు చెప్పిన యెమ్ కూడా చూడండి, చదరంలో ఒక్క మూల తప్ప కోత లేదు.

కొండదారి | మంగళవారం, రాత్రి 9:20

చాలా బాగా చెప్పారు బాబాయ్ గారూ. నేను మూడేళ్లు చూశాను కానీ ఆ కుట్టు వెనక మగ్గం ఉందని ఎవరూ చెప్పలేదు.

పావడా గురించి ఒక మాట. హ్వే నుంచి ఏలిన మిన్ మాంగ్ చక్రవర్తి 1828లో ఉత్తరాది ఆడవాళ్లు పావడాలు మాని ప్యాంట్లు తొడుక్కోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. జనం పావడాకి ‘అడుగు లేని ప్యాంటు’ అని పేరు పెట్టి, దాని మీద పాటలు కట్టుకున్నారు. ఆజ్ఞ కాగితం మీద ఉండిపోయింది. ఉత్తరాది పల్లెల్లో ఆడవాళ్లు 20వ శతాబ్దంలో కూడా చాలాకాలం పావడాలే కట్టారు. మడిలో దిగేటప్పుడు పైకి చెక్కుకోవడానికి అదే వీలు మరి. మగవాళ్లకి ఎండాకాలం గోచీ, దాన్ని ‘ఖో’ అంటారు.

అద్దకం_శ్రీకాళహస్తి | మంగళవారం, రాత్రి 11:35

రంగు మాట వచ్చింది కాబట్టి నేనూ కూర్చుంటాను. కలంకారీ పనిలో ఉన్నాను. ఆరేళ్ల క్రితం సహజ రంగుల వర్క్‌షాపు ఒకదానికి వియత్నాం నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ల సంచిలో ఎండు దుంప ముక్కలున్నాయి. ‘కూ నవ్’ అన్నారు. అంటే గోధుమ రంగు దుంప అని అర్థం. అడవిలో తీగకి కాసే దుంప, మన పెండలం జాతికి చెందింది, కానీ వగరు కాబట్టి తినేది తక్కువ. కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది. తురిమి నీళ్లలో కలిపి, బట్ట ముంచి, పిండి, ఎండలో ఆరేసి, మళ్లీ ముంచాలి. ఎన్నిసార్లు ముంచితే అంత చిక్కటి రంగు. ఉత్తరాది రైతు ఒంటి మీది మట్టి రంగు అదే.

ఆ తర్వాత వాళ్లు చెప్పిన మాట విని నాకు ఒళ్లు పులకరించింది. ఆ గోధుమ రంగు బట్టని తీసుకెళ్లి చెరువు బురదలో కూరతారట. బురదలో ఇనుము ఉంటుంది, దుంపలో వగరు ఉంటుంది. రెండూ కలిస్తే నలుపు. మేం శ్రీకాళహస్తిలో చేసేది సరిగ్గా ఇదే కదా! ముందు బట్టని కరక్కాయ పాలలో తడుపుతాం, అది వగరు. తుప్పు ఇనుము, బెల్లం నానేసిన కసింకారంతో గీత గీస్తాం, అది ఇనుము. గీసిన చోట నలుపు తేలుతుంది. వాళ్లకి బురద చేసే పని మాకు కుండలో జరుగుతుంది. ఆ రాత్రి ముగ్గురం భాష రాకపోయినా చేతులతో రెండు గంటలు మాట్లాడుకున్నాం.

మామూలు బట్ట కంటే వగరు పట్టిన బట్ట గట్టిగా ఉంటుంది, నీళ్లలో తొందరగా చివకదు. అందుకే జాలర్లు వలలకి, తెరచాపలకి కూడా కూ నవ్ పట్టించేవారు.

సైగాన్_తెలుగు | బుధవారం, ఉదయం 7:30

అద్దకం అన్నా, ఇప్పుడు దక్షిణాది నలుపు వినండి. కంబోడియా సరిహద్దు దగ్గర తన్ చౌ అనే ఊరుంది. అక్కడ ‘మక్ నువా’ అనే చెట్టు కాయతో రంగేస్తారు. చిన్న పచ్చి కాయలు దంచితే పసుపుపచ్చ రసం వస్తుంది. గాలీ ఎండా తగిలేకొద్దీ నల్లబడుతుంది. పట్టుబట్టని అందులో ముంచి, పిండి, గడ్డి మైదానంలో ఎండకి పరుస్తారు. మళ్లీ ముంచుతారు. పదుల సార్లు, వారాల తరబడి. చివరికి వచ్చే బట్ట పేరు ‘లాన్ మీ ఆ’. నేను చేత్తో పట్టుకుని చూశాను. నలుపులో నీళ్ల మెరుపు ఉంటుంది. బట్ట చిరిగినా రంగు పోదని అక్కడివాళ్లు గర్వంగా చెప్తారు.

అయితే అది కలిగినవాళ్ల బట్ట. కూలి మనిషి మామూలు నూలుకి ముదురు రంగు వేయించుకుని కట్టుకునేది. నదులు తెచ్చే ఒండ్రు మట్టిలో రోజంతా నిలబడేవాళ్లకి తెల్లబట్ట ఒక్క పూట నిలవదు. అక్కా, నలుపే ఎందుకన్న మీ ప్రశ్నకి ఇదే జవాబు.

అద్దకం_శ్రీకాళహస్తి | బుధవారం, ఉదయం 9:02

మక్ నువా చెట్టు మన తునికి చెట్టుకి దాయాదే, ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. బీడీ ఆకు కోసే తునికి. పచ్చి తునికి కాయ కొరికినవాళ్లకి ఆ వగరు ఎలా నాలుక పట్టేస్తుందో తెలుసు. ఈ వేసవిలో తప్పకుండా పచ్చికాయలు తెప్పించి పట్టు ముక్క మీద చూస్తాను. ఫలితం ఏదైనా ఇక్కడే ఫొటో పెడతాను.

పాత_పేపర్లు | బుధవారం, మధ్యాహ్నం 12:20

నాకు 73 ఏళ్లు. మాది నల్లగొండ దగ్గర పల్లె. హైస్కూల్లో ఉన్నప్పుడు లైబ్రరీలో పేపర్లు చదవడం నా పని. వియత్నాం యుద్ధం ఫొటోల్లో ఈ నల్ల బట్టలు చూశాను. అమెరికా సైనికులు వీటిని ‘నల్ల పైజమాలు’ అనేవారు. గెరిల్లా వేసుకున్నదీ ఇదే, నాటు వేసే ముసలమ్మ వేసుకున్నదీ ఇదే. బట్ట చూసి శత్రువు అనుకున్నందుకు ఎంతమంది రైతులు పోయారో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మీ చొక్కా వచ్చిన బెన్ చే మామూలు ఊరు కాదమ్మా. 1960లో అక్కడ తిరుగుబాటు లేచింది. ముందు నిలబడ్డ ఆడవాళ్లని ‘పొడుగు జుట్టు సేన’ అన్నారు. వాళ్లని నడిపిన న్యుయెన్ థీ దిన్ ఆ జిల్లా ఆడబిడ్డే. తర్వాత విముక్తి సైన్యానికి ఉప సేనాధిపతి, ఆ తర్వాత దేశ ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు. ఆమె ఫొటోల్లో ఈ చొక్కా, మెడలో గళ్ల తువ్వాలు ఉంటాయి. కాళ్లకి టైరు చెప్పులు కూడా వాళ్లకి బాగా వాడుక. మా నాన్న జీవితమంతా టైరు చెప్పులతోనే దుక్కి దున్నాడు. ఆ ఫొటోల్లో చెప్పులు చూసి, వీళ్లూ మనలాంటివాళ్లే అనుకున్నాను.

సైగాన్_తెలుగు | బుధవారం, మధ్యాహ్నం 2:10

పెద్దాయన గారూ, ఆ గళ్ల తువ్వాలు ‘ఖన్ రన్’. ఖ్మేర్ వాళ్ల ‘క్రమా’ నుంచి వచ్చింది. డెల్టాలో వియత్నామీలు, ఖ్మేర్‌లు, చామ్‌లు, చైనీయులు పక్కపక్కనే బతికారు కాబట్టి బట్టలూ ఒకరి నుంచి ఒకరికి వెళ్లాయి. తలకి చుట్టుకోవడం, చెమట తుడుచుకోవడం, స్నానానికి కట్టుకోవడం, చంటిబిడ్డకి ఊయల, అన్నీ దాంతోనే. దోంగ్ థాప్‌లో లాంగ్ ఖన్ అనే లంక ఊళ్లో ఇప్పటికీ మగ్గాల మీద నేస్తున్నారు.

గోదారి_గట్టు | బుధవారం, సాయంత్రం 5:40

టోపీ గురించి ఎవరూ చెప్పలేదేంటి?

కొండదారి | బుధవారం, రాత్రి 7:55

‘నోన్ లా’. ఆకు టోపీ అని అర్థం. హనోయ్ శివార్లలో చువాంగ్ అనే ఊరు దానికి పేరు. చాంద్రమానం లెక్కన 4, 10, 14, 20, 24, 30 తేదీల్లో అక్కడ టోపీల సంత. తెల్లారకముందే వెళ్లాను. అంత చీకట్లో తెల్లటి టోపీల గుట్టలు వెన్నెల కుప్పపోసినట్టు ఉన్నాయి.

తాటి జాతి ఆకుని ఎండబెట్టి, నిప్పు మీద కాల్చిన నాగలి కర్రు మీద పెట్టి, గుడ్డ ఉండతో రుద్ది సాపు చేస్తారు. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తక్కువైతే ముడత పోదు. సన్నటి వెదురు కడియాలు 16 పెద్దదాని నుంచి చిన్నదాని దాకా అచ్చు మీద అమర్చి, ఆకులు పరిచి, సూదితో ఒక్కో కడియానికీ కుడతారు. ఆ కుట్టు నేను దగ్గర కూర్చుని చూశాను కుట్టుమిషన్ అక్కా, మీరు చూసి తీరాలి. హ్వేలో అయితే రెండు పొరల ఆకుల మధ్య కాగితంలో కత్తిరించిన బొమ్మలు, కవితా పాదాలు పెడతారు. ఎండకి ఎత్తి పట్టుకుంటేనే కనిపిస్తాయి.

వానకి ఇంకొకటుంది, ‘ఆవ్ తోయ్’. ఆకులు గుత్తంగా కుట్టి వీపున వేసుకునే కోటు. హా తిన్‌లో యెన్ లాక్ అనే ఊళ్లో చేస్తారు. అక్కడ లావోస్ వైపు నుంచి వేసవిలో వడగాలి వీస్తుంది. కాబట్టి వానకే కాదు, ఎండకి కూడా అదే వేసుకుని కోతలు కోస్తారు. మన తాటాకు గిడుగు గుర్తొచ్చింది నాకు.

ఆహార్యం | బుధవారం, రాత్రి 9:30

నిన్న నేనడిగిన ప్రశ్న గురించి రోజంతా ఆలోచించాను. నా దగ్గరున్న ఫొటోల ఆల్బంలో వియత్నాం పేజీలో ఒక్క ఆవ్ దాయ్ మాత్రమే ఉంది. ఇవాళ ఇంకో నాలుగు పేజీలు కలుపుతున్నాను. కొండల్లో ఉండేవాళ్ల బట్టల గురించి కూడా ఎవరైనా చెప్తారా?

కొండదారి | బుధవారం, రాత్రి 10:50

అది వేరే చర్చే అవుతుంది. ప్రభుత్వ లెక్కన అక్కడ 54 జాతులు, ఒక్కొక్కరిది ఒక్కో కట్టు. ఒక్కటే చెప్తాను. హా జాంగ్ కొండల్లో (ఇప్పుడు తుయెన్ క్వాంగ్‌లో కలిపారు) హ్మాంగ్ ఆడవాళ్లు జనపనార లాంటి నారతో బట్ట నేస్తారు. సంతకి నడిచి వెళ్తూ కూడా చేతుల్లో నార పేనుతూనే ఉంటారు. నేసిన బట్ట మీద కరిగిన తేనెమైనంతో గీతలు గీసి నీలిమందులో ముంచుతారు. మైనం ఉన్న చోట తెలుపు నిలుస్తుంది. బట్టకి నునుపు రావడానికి దుంగ మీద బట్ట చుట్టి, పైన రాతి పలక పెట్టి, దాని మీద నిలబడి అటూ ఇటూ ఊగుతారు. లుంగ్ తామ్ అనే ఊళ్లో ఆడవాళ్ల సహకార సంఘం ఉంది, వెళ్లేవాళ్లు అక్కడ కొనండి. దుకాణాల్లో అచ్చు వేసిన మిషన్ బట్టని అదే పేరుతో అమ్ముతున్నారు. చూస్తే బాధేస్తుంది.

ఇంటిపట్టు | గురువారం, ఉదయం 10:15

మా ఆయన ఉద్యోగం వల్ల ఏడాదిగా కాన్ థోలో ఉంటున్నాను. మరి ఇవాళ పల్లెల్లో ఏం వేసుకుంటున్నారంటే, ‘దో బో’. ఒకే పూల బట్టలో చొక్కా, ప్యాంటు. ఇంట్లో అదే, సంతకీ అదే, పక్కింట్లో పేరంటానికీ అదే. మన దగ్గర నైటీ ఎలాగో అలాగ. నిన్న ఈ చర్చ చదివాక మా పక్కింటి ఆంటీ దో బోని పరీక్షగా చూశాను. మెడకి కాలర్ లేదు. జేబులు కింద, అంచు దగ్గరే ఉన్నాయి.

కుట్టుమిషన్_తెనాలి | శనివారం, రాత్రి 9:45

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఇవాళ మొదటి చొక్కా అయిపోయింది. మంగళగిరి నూలు తెప్పించాను, ముదురు గోధుమ రంగు. ఆదిలో చెయ్యి మెడ దగ్గర నుంచి చంక దాకా ఏటవాలుగా వచ్చే కుట్టుతో ఉంది. రాగ్లాన్ కటింగ్ అంటాం మేం. 1970ల నుంచి అక్కడ ఆ కటింగ్ వచ్చిందని సైగాన్ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. పాతది భుజం మీద అతుకు లేకుండా సాదాగా ఉండేదట. నేను పాతదే కుట్టాను, నేత బట్టకి అదే నప్పుతుందనిపించింది. నడుం దగ్గర బిగుతు కోసం మడిచి కుట్టే డాట్లు వెయ్యలేదు.

జేబులు మొదట అలవాటు కొద్దీ రెండంగుళాలు పైకి గుర్తు పెట్టాను. తర్వాత పీట మీద కూర్చుని, చొక్కా ఒంటికి ఆనించి చూసుకున్నాను. చెరిపేసి అంచు దగ్గరే కుట్టాను. ఆవిడ వచ్చి తొడుక్కుని, అలాగే కుర్చీలో కూర్చుని, తాళంచెవి, ఫోను జేబుల్లో వేసుకుని చూశారు. రెండోది నలుపులో కావాలన్నారు. అద్దకం అన్నా, వేసవిలో మీ తునికి కాయల సంగతి తేలేదాకా ఆగమని ఆవిడకి చెప్పాను. ఆగుతానన్నారు.